కుక్కని దువ్వే ఆయన

ఆయన పోయిన సంగతి నాకు పెడన నుంచి చీరల మూటతో వచ్చే మనిషి చెప్పింది. అరుగు మీద మూట విప్పుతూ ఆ వీధి కబుర్లూ ఈ వీధి కబుర్లూ చెబుతూ, మధ్యలో, "మా పెడనలో మీ ఎదురింట్లో ఉండేవాడు చూడండమ్మా, కుక్కని దువ్వే ఆయన, మొన్న మాఘమాసంలో పోయాడు" అంది. అని, వెంటనే ఒక ఎర్రంచు చీర తీసి నా ఒళ్ళో పరిచింది.

నా కళ్ళకి చీర ఆనలేదు. "ఆయన నేత చాలా బాగుండేది కదూ?" అన్నాను.

"నేసేవాడా? నేసే ఉంటాడులెండి. మా వీధిలో నెయ్యనివాళ్ళెవరు?" అంది.

జన్మంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న మనిషికి ఊళ్ళో మిగిలిన పేరు అదీ. ఆ పేరు తప్పు కూడా కాదు. నాకూ ఆయన అలాగే గుర్తున్నారు, ముందుకి వంగి, తల ఒక పక్కకి వాల్చి, కుక్క వీపు మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని.

నేను పెడనకి కాపరానికి వెళ్ళింది యుద్ధం మొదలైన రోజుల్లో. మావారు అక్కడ బడిలో మేష్టారు. నేతవాళ్ళ వీధి చివర ఒక పెంకుటింట్లో సగభాగం అద్దెకి తీసుకున్నాం. మా అరుగుకి సరిగ్గా ఎదురుగా ఆయన అరుగు. భార్యాభర్తలిద్దరే, పిల్లల్లేరు. ఆయన్ని నేను బాబాయిగారూ అనీ, ఆవిడని పిన్నిగారూ అనీ పిలిచేదాన్ని. ఆవిడ గొంతు వీధి మొదట్లోకి కూడా వినిపించేది. ఆయన గొంతు వినాలంటే దగ్గరికి వెళ్ళాలి.

మేం దిగిన వారానికే వాళ్ళ కుక్క మా వంటింట్లోకి వచ్చేసింది. నాటు కుక్క కాదది. బందరులో ఎవరో తెల్లదొర బంగళాలో కుక్క పిల్లల్ని పెడితే, అక్కడి తోటమాలి ఒకదాన్ని ఆయనకిచ్చాడట. తల్లి పోలికే వచ్చి ఒళ్ళంతా బెత్తెడు జుట్టు, తేనె రంగు. చెవులు కిందికి వేలాడుతూ ఉండేవి. వీధిలోవాళ్ళు దాన్ని దొర అని పిలిచేవాళ్ళు. మా అత్తగారు మడి కట్టుకుని వంట చేస్తూ వెనక్కి తిరిగి చూసేసరికి దొర గుమ్మంలో నిలబడి తోక ఊపుతోంది.

ఆవిడ కేకలకి ఆయన పరిగెత్తుకొచ్చారు. లోపలికి రాకుండా పెరటి గుమ్మం అవతలే నిలబడి, "తప్పైపోయిందండీ" అన్నారు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. "కానండీ, అది శుభ్రమైందే. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి. వాసనొస్తే నన్నడగండి" అన్నారు.

"కుక్కని ముట్టుకోమంటాడేవిటే ఈయన!" అని మా అత్తగారు నా వంక చూశారు.

ఆవిడ ముట్టుకోలేదు. మర్నాడు ఎదురింటి అరుగు దగ్గర నేను ముట్టుకున్నాను. నిజంగానే వాసన లేదు. ఎండలో ఆరేసిన నూలు గుడ్డ మీద చెయ్యి వేసినట్టుంది. నేను ఆశ్చర్యపోవడం చూసి ఆయన మొహమంతా వెలిగిపోయింది. ఆ రోజు నుంచి ఆయనకి నేనంటే అభిమానం.

ఆయన దువ్వే పద్ధతి ఎప్పుడూ మారేది కాదు. పొద్దున్నే, మగ్గం ఎక్కకముందు, దొరని అరుగు మీద పడుకోబెట్టేవారు. ముందు ఉత్త వేళ్ళతో మెడ దగ్గర నుంచి తోక దాకా వెతికేవారు. చిక్కు తగిలితే లాగేవారు కాదు, పోగు తెగితే అతికేటప్పటి ఓపికతో ఒక్కో వెంట్రుకా విడదీసేవారు. తరవాత చెక్క దువ్వెన. ఆఖరికి కుంచె. పడుగుకి గంజి పట్టించాక దారాలు ఒకదానికొకటి అతుక్కోకుండా దువ్వడానికి నేతవాళ్ళ దగ్గర ఉంటుందే, ఆ పెద్ద కుంచె. అరిగిపోయిన పాతదాన్ని దొర కోసం ఉంచారు. రక్తం పీల్చే గోమారి దొరికితే పక్కనున్న కొబ్బరి చిప్పలో ఉప్పునీళ్ళలో వేసేవారు. చెవులు వెనక్కి మడిచి నూనెగుడ్డతో తుడిచేవారు. కాలివేళ్ళ సందులు ఒక్కొక్కటే విప్పి చూసేవారు. అంతా అయ్యాక తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, "ఊఁ" అనేవారు. అంటే ఆ పూటకి కుక్క బాగుందన్నమాట.

"రోజూ ఎందుకు బాబాయిగారూ? వారానికోసారి చాలదూ?" అన్నానొకసారి.

"మన నేల చూడండమ్మా. ఏడాదిలో సగం రోజులు బురద, మిగతా సగం చెమట. చిక్కు కింద తడి నిలిస్తే తోలు చివికిపోతుంది. పైకేం తెలీదు. కన్ను పైపైనే చూసి వెళ్ళిపోతుంది. చెయ్యి పెడితేనే ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ వాచిందో తెలిసేది. నోరులేనిదాయె. నొప్పని చెప్పదు కదా."

ఆ మాట ఎంత నిజమో కొన్నాళ్ళకి నేనే చూశాను. ఒకసారి కాలివేళ్ళ మధ్య తుమ్మముల్లు విరిగి ఉంటే దొర కుంటకముందే ఆయన తీసేశారు. ఇంకోసారి చెవి లోపల ఎర్రబడితే పసుపూ వేపనూనే రాసి మాన్పారు. ముసురు రోజుల్లో వీధి కుక్కలన్నిటికీ గజ్జి పట్టి రాత్రీ పగలూ గోక్కుంటూ ఉంటే, దొర మాత్రం అరుగు మీద ఒళ్ళు మరిచి నిద్రపోయేది. మా పెద్దమ్మాయి నడక నేర్చింది ఆ కుక్క జుట్టు పట్టుకునే. అది ఎంత లాగినా దొర కదిలేది కాదు. రోజూ ఒంటి మీద మనిషి చెయ్యి తిరిగితే కుక్కకి కోపం పుట్టదని ఆయన సిద్ధాంతం. దువ్వని కుక్కే కరుస్తుందనేవారు. ఇది ఎంతవరకు నిజమో నాకు తెలీదు.

ఎవరి కుక్క కనిపించినా ఆయనకి చెయ్యి ఊరుకునేది కాదు. నందివాడ వైపు నుంచి ఒక రైతు పంచెల కోసం బండి మీద వచ్చేవాడు. బండి వెనకాల అట్టలు కట్టిన జుట్టుతో ఒక కుక్క. రైతు పంచె అంచు పట్టుకుని చూస్తుంటే ఈయన కిందికి దిగి కుక్క చెవి పట్టుకుని చూస్తున్నారు.

"ధర చెప్పు మావా" అన్నాడు రైతు.

"ధరకేం తొందర. ముందు ఈ చెవి చూడు. ఎన్నాళ్ళైంది దీనికి నీళ్ళు పోసి?"

"కుక్కకి తలంట్లేంటి మావా? మా ఇంటిదానికే పండక్కి పండక్కి!"

"అందుకే ఆవిడకి అంత కోపం" అన్నారు ఈయన, నవ్వకుండా. లోపల్నుంచి పిన్నిగారు, "బేరం పోగొట్టకయ్యా మగడా!" అని అరిచింది. బేరం కుదిరింది కానీ, ఈలోగా ఆ కుక్కకి ఒక చెవి శుభ్రమైంది.

తరవాత నూలు రావడం తగ్గింది. యుద్ధం ఎక్కడో జరుగుతోందనుకున్నాం. అది మా వీధికి ఇలా వచ్చింది. ముందు సన్న నూలు దొరకలేదు, తరవాత ముతక నూలూ దొరకలేదు. కంట్రోలు అన్నారు, కార్డులన్నారు, పొద్దున్నే వెళ్ళి నిలబడి మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు. తెల్లవారుజాము నుంచి టకటకలాడే వీధిలో ఒక్కో ఇంటి చప్పుడే ఆగిపోయింది. అన్ని చప్పుళ్ళూ ఆగిపోయిన రోజున మా అత్తగారు కూడా పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి వీధిలోకి చూశారు. కొందరు షోలాపూరు మిల్లులకి వెళ్ళిపోయారు. కొందరు ఉయ్యూరు వైపు చెరుకు కొట్టడానికి వెళ్ళారు. పిన్నిగారు రైతుల ఇళ్ళలో వడ్లు దంచడానికి వెళ్ళేది. వస్తూ వస్తూ కొంగులో కాసిని నూకలు తెచ్చేది.

ఆయనకి వేరే పని చేతకాలేదు. పొలంలోకి దిగితే నడుం పట్టేసింది. పొద్దున్నే అలవాటు కొద్దీ వెళ్ళి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. ఎదురుగా గుడ్డ ఉండాల్సిన చోట కుక్కని పడుకోబెట్టుకునేవారు. పూటకోసారి దువ్వడం మొదలుపెట్టారు. తరవాత ఇక లెక్క లేదు. ఎప్పుడు చూసినా ఆ చెయ్యి ఆ వీపు మీదే ఉండేది.

"నూలు దొరక్క దాన్ని నేస్తున్నాడమ్మా ఈయన" అంది పిన్నిగారు నాతో. నవ్వుదామని మొదలుపెట్టిందిగానీ నవ్వలేకపోయింది. అయినా, తెచ్చిన నూకల్లో దొర వాటా వేరుగా తీసిపెట్టేది ఆవిడే.

ఆ ఏడు ఎండాకాలంలో ఊళ్ళోకి ఒక పిచ్చికుక్క వచ్చింది. రెండు దూడల్నీ, మా వీధిలోనే ఇంకో నేతాయన కూతుర్నీ కరిచింది. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. పసరు కట్టు కట్టించారు. గాయం మానింది కదా అనుకున్నారు. జ్వరం వచ్చాక బందరు ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇక చేసేదేం లేదని పంపించేశారు. ఆ పిల్ల పోయింది.

మర్నాడే వీధి పెద్దా, మరికొందరూ దుడ్డుకర్రలు పట్టుకుని బయల్దేరారు. కనిపించిన కుక్కనల్లా కొట్టి చంపుతున్నారు. ఆయన అరుగు ముందుకి వచ్చేసరికి ఆయన దొరని ఒళ్ళోకి లాక్కుని కూర్చుని ఉన్నారు. పిల్లని ఎత్తుకుని నేను మా గుమ్మంలో నిలబడ్డాను.

"పక్కకి జరుగు" అన్నాడు వీధి పెద్ద.

"జరుగుతాను. ముందు చూడండి" అన్నారాయన. మెడ దగ్గర నుంచి మొదలుపెట్టి పాయలు పాయలుగా జుట్టు విడదీసి కింద తోలు చూపించారు. వీపు చూపించారు, కడుపు చూపించారు, కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూపించారు. "దీని ఒంటి మీద నాకు తెలియని చోటు లేదు. పంటి గాటు ఒక్కటి లేదు. ఉన్ననాడు మీరు రానక్కర్లేదు. నేనే వచ్చి చెబుతాను."

ఆ జుట్టు కింద తోలు పసిపిల్లల ఒళ్ళులా తెల్లగా ఉంది. కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదని అందరికీ తెలుసు. వెళ్ళిపోయారు. మా వీధిలో బతికిన కుక్క అదొక్కటే.

వానలు పడ్డాయి. జనం ఆ భయం మర్చిపోతున్నారు. ఒక పొద్దున్న నేను అరుగు తుడుస్తున్నాను. ఎదురుగా ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతుకుతున్నారు. వెనక తొడ దగ్గర చెయ్యి ఆగింది. ముల్లు తగిలిందేమో అనుకున్నాను. కళ్ళు తెరిచారు, జుట్టు విడదీసి వంగి చూశారు. చాలాసేపు వంగే ఉన్నారు. తరవాత తలెత్తి ముందు నా వంక, తరవాత నా పక్కన మట్టిలో ఆడుకుంటున్న పాప వంక చూశారు.

దొరని లోపల మగ్గం రాటకి కట్టేసి, చేతులు కుంకుడు రసంతో తోముకుని వచ్చి మా మెట్టు కింద నిలబడ్డారు.

"పాపని కొన్నాళ్ళు మా అరుగు మీదికి పంపకండమ్మా."

"ఏమైంది బాబాయిగారూ?"

"గాటుంది. రెండు పళ్ళ గాటు. కాలవ దగ్గర ఏదో పట్టి ఉంటుంది. మానిపోతోంది. నిన్న ముసురుకి దీపాలవేళ పైపైన దువ్వాను. మొన్నటిదో ఏమో."

మావారు బయటికొచ్చి అంతా విన్నారు. "ఏ కుక్కో దెబ్బలాడుకుని కరిచి ఉంటుంది. అన్ని కుక్కలూ పిచ్చివవుతాయా? గదిలో కట్టేసి చూడండి. ఎవరికీ చెప్పకండి" అన్నారు.

"మాటిచ్చాను మేష్టారూ."

ఇంట్లో పిన్నిగారు ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. ఎవరు వింటున్నా లెక్కచెయ్యలేదు. "ఎవరికి తెలుస్తుందయ్యా? నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడుతుందా దాని మీద? ఆ రోజంటే బతికించుకోవాలని అన్నావు. ఇవాళ కూడా బతికించుకోవాలి కదా!"

"పిల్లలు తిరిగే వీధే" అన్నారాయన. అని, కండువా వేసుకుని వీధి పెద్ద ఇంటికి వెళ్ళారు.

సాయంత్రం ఆయన అరుగు ముందు పది మంది చేరారు. గదిలో కట్టేసుకుంటాననీ, గది తాళం వీధి పెద్ద దగ్గరే ఉంచమనీ, కొన్ని నెలలు చూద్దామనీ బతిమాలారాయన. వీధి పెద్ద మెత్తబడ్డాడు. "చూద్దాంలే, నువ్వంటున్నావు కాబట్టి" అనబోతున్నాడు. అప్పుడు కూతురు పోయినాయన వెనకనుంచి ముందుకొచ్చాడు. ఆయనకి ఈయన బావ వరస. కోపంగా ఏమీ లేడు.

"బావా, నీ కుక్క మంచిదని నాకూ తెలుసు. మా పిల్ల రోజూ దానితోనే ఆడేది. కానీ చూద్దాం అంటున్నావే, ఏం చూస్తావు? నేను చూశాను బావా. దాహం దాహం అని అడిగింది. చెంబు తెస్తే, నీళ్ళు చూసి ఏడ్చింది. నేను చెంబు పట్టుకుని అలా నిలబడ్డాను. ఇంకేం చూడాలి?"

బాబాయిగారు అరుగు మీద కూర్చుండిపోయారు. "కర్రలతో వద్దు" అన్నారు. "మునసబుగారి తుపాకి తెప్పించండి. రేపు నేనే తీసుకొస్తాను."

మర్నాడు దొరని దువ్వడం నేను చూశాను. వద్దని ఎంతమంది చెప్పినా వినలేదు. చేతులకి గుడ్డ చుట్టుకోమంటే చుట్టుకోలేదు. వేళ్ళతో వెతికారు, చిక్కులు తీశారు, చెవులు తుడిచారు, కాలివేళ్ళ సందులు చూశారు. పాత కుంచె పక్కన పెట్టి, కొత్త కుంచె తెచ్చి దువ్వారు. దొర ఎప్పటిలాగే వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది. పిన్నిగారు పెరుగన్నం కలిపి తెచ్చింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పెరుగెక్కడిదో నాకు తెలీదు. తాడు కట్టి ఆయన ముందు నడుస్తుంటే అది తోక ఊపుతూ వెనకే వెళ్ళింది. కాలవగట్టు వైపు ఎండలో ఆ జుట్టు మెరవడం మలుపు తిరిగేదాకా కనిపించింది. పాప చెయ్యి ఊపింది.

తుపాకి చప్పుడు మాకు వినిపించింది.

ఆ ఏడాది ఊళ్ళో మరెవరికీ, దేనికీ పిచ్చి ఎక్కలేదు. కొన్ని నెలలకి ఒక రోజు పిన్నిగారు బావి దగ్గర నన్ను పక్కకి లాగింది. "చాకలి చెప్పాడమ్మా. కాలవ దగ్గర మా దొరని కరిచింది ఊరవతల ఇటుకబట్టీ వాళ్ళ కుక్కట. వాడి కళ్ళముందే దెబ్బలాడుకున్నాయట. ఆ కుక్క ఇవాళ్టికీ రాయిలా ఉంది. దానికేం రోగం లేదు. మా దొరకీ ఏం లేదన్నమాటే కదా?" అంది. "ఈయనకి మాత్రం చెప్పకు. వింటే బతకడు" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

యుద్ధం అయిపోయింది. కొంచెం కొంచెంగా నూలు రావడం మొదలైంది. ఆయన మళ్ళీ మగ్గం ఎక్కారు. కానీ నేత పాడైపోయింది. దొర ఉన్న రోజుల్లో నాలుగంగుళాలు నెయ్యగానే గుడ్డ మీద అరచెయ్యి తిప్పి చూసుకునేవారు, ఎక్కడైనా పోగు లేచిందేమోనని. అలా చూసుకోవడం మానేశారు. షావుకారు రెండుసార్లు పంచెలు తిప్పి పంపాడు. మూడోసారి ముతక తువాళ్ళు మాత్రమే ఇచ్చాడు. ఆయన వాటిని నేసి, మడతపెట్టి, తలొంచుకుని ఇచ్చి వచ్చేవారు. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. వీధి మొదటిదాకా వినిపించే పిన్నిగారి గొంతు మా అరుగు మీదికి కూడా వినిపించేది కాదు.

మావారికి గుడివాడ బదిలీ అయింది. బయల్దేరే రోజు మధ్యాహ్నం చెప్పి వద్దామని వెళ్ళాను. పిన్నిగారు వడ్లు దంచడానికి వెళ్ళింది. ఆయన అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. మెట్టు కింద ఒక కుక్క పడుకుని ఉంది. ఒళ్ళంతా గజ్జి, వీపు మీద జుట్టు ఊడిపోయి తోలు పగిలింది, ఈగలు ముసురుతున్నాయి. ఉండుండి వెనక కాలితో గోక్కుంటోంది, గోక్కుని మూలుగుతోంది.

"ఇది ఎవరిది బాబాయిగారూ?"

"ఎవరిదీ కాదిప్పుడు. ఇటుకబట్టీ ఎత్తేసి వాళ్ళు వెళ్ళిపోయారు. దీన్ని వదిలేశారు" అన్నారు. మళ్ళీ, "దొరని కరిచింది ఇదేనమ్మా" అన్నారు.

"మీకెవరు చెప్పారు?"

"చాకలి. ఎప్పుడో చెప్పాడు. మీ పిన్నికి మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాను. తట్టుకోలేదు."

కుక్క వంక చూశాను. దాని చెవి లోపల చీము కారుతోంది. నాకే చూడబుద్ధి కాలేదు. ఆయన ఒళ్ళో చేతులు రెండూ మడుచుకుని కూర్చున్నారు, చలి వేసినవాళ్ళలా.

"దీని మీద మీకు కోపం ఉందా?"

"కుక్క మీద కోపమేంటమ్మా."

"అయితే కాస్త వేపనూనె రాయకూడదూ? మీ చెయ్యి పడితే బాగుపడుతుంది బాబాయిగారూ. లేకపోతే చచ్చిపోతుంది."

ఆయన తల అడ్డంగా తిప్పారు.

"చెయ్యి వేస్తే ఏదో ఒకటి తగులుతుందమ్మా. తగిలాక చెప్పకుండా ఉండలేను."

కుక్క లేచింది. కాసేపు ఆయన వంక చూసింది. మెట్టు అంచుకి వీపు రుద్దుకుని, ఎండలోకి వెళ్ళిపోయింది. ఆయన దాని వంక చూడలేదు.